తీరిగ్గా ఒక రోజు, లండన్‌లో

ఇండియా నుంచి చుట్టాలు వచ్చారంటే లండన్ తిప్పి చూపించడం మనందరికీ ఒక డ్యూటీ. పొద్దున్నే పులిహోర డబ్బాల్లో సర్దుకుని బిగ్ బెన్, లండన్ ఐ, బకింగ్‌హామ్ ప్యాలెస్, టవర్ బ్రిడ్జి... చీకటి పడేలోగా అన్నీ అయిపోవాలి! ఫోటోలు బోలెడు వస్తాయి. ఏం చూశావురా అని మర్నాడు పిల్లాణ్ణి అడిగితే "కాళ్ళు నొప్పులు" అంటాడు. నేనూ చాలా ఏళ్ళు ఇలాగే తిప్పాను కాబట్టి ఎవరినీ తప్పు పట్టడం లేదు.

ఈసారి ఒక్కటే చూడండి. బ్రిటిష్ మ్యూజియంలో 33ఎ నంబరు గది. టికెట్ లేదు. (ఒక్కోసారి మూసి ఉంచుతారు, ముందే కనుక్కుని బయలుదేరండి.) అందులో ఉన్నవి మన కృష్ణ ఒడ్డు అమరావతి స్తూపం శిల్పాలు. అక్కడ ఒక పలకకు రెండు వైపులా శిల్పం ఉంటుంది. ఒక వైపు క్రీస్తు పూర్వం చెక్కిన బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం. సుమారు మూడు వందల ఏళ్ళ తర్వాత అదే రాయిని తిప్పి, రెండో వైపు స్తూపాన్ని చెక్కారు. ఆ ఖాళీ ఆసనం మీద ఎవరుండాలో పిల్లల్నే చెప్పమనండి. తొందర పెట్టకండి.

ఆ తర్వాత అక్కడి నుంచి నడుచుకుంటూ యూస్టన్ స్టేషన్ పక్కనున్న డ్రమ్మండ్ స్ట్రీట్‌కి వెళ్ళి, దోసెలు చెప్పి కూర్చోండి. పిల్లలకు ప్రశ్నలు మ్యూజియంలో రావు, కడుపు నిండుతున్నప్పుడు వస్తాయి. మా తొమ్మిదేళ్ళవాడు చట్నీ నంజుకుంటూ అడిగాడు, "తాతా, మన రాళ్ళు వీళ్ళెందుకు తెచ్చుకున్నారు?"

మామయ్యగారు మొదలుపెట్టారు. 1797లో మెకంజీ దొర వెళ్ళేసరికే మన జమీందారు కొత్త ఊరి కోసం ఆ దిబ్బ తవ్విస్తున్నాడట. ఆ రాళ్ళను కాల్చి సున్నం చేసుకున్నవాళ్ళూ ఉన్నారు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసులో ఏళ్ళ తరబడి పడి ఉండి, 1859లో ఓడెక్కాయి. "ఇక్కడికి రాకపోతే మిగిలేవి కావురా" అన్నారాయన.

"మద్రాసు మ్యూజియంలో ఉన్నవి మిగల్లేదా?" అన్నారు అత్తయ్యగారు. నా మటుకు నాకు ఆవిడ మాటే సబబు. మనవాళ్ళ నిర్లక్ష్యం నిజమే, కానీ ఒకప్పుడు కాపాడామన్నంత మాత్రాన ఎప్పటికీ ఉంచుకోవచ్చా? వాడు మాత్రం "సగం సగం పంచుకోవచ్చుగా" అన్నాడు. కాఫీ చల్లారిపోయేదాకా వాదించాడు, అదీ తెలుగులో! క్లాసులో రెండు వాక్యాలకు మించి మాట్లాడడని టీచర్ గారు చెప్పింది వీడి గురించే.

ఆ రోజు టవర్ బ్రిడ్జి చూడలేదు. మామయ్యగారు ఫోన్ చేసినప్పుడల్లా అది గుర్తు చేస్తూనే ఉంటారు.