మధ్య అచ్చు మాయం!

కాగితం మీద నల్లగొండ... నోట్లో నల్గొండ. రాతలో జడచర్ల... టికెట్ అడిగేటప్పుడు జడ్చర్ల. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో కొడుకు ‘కొడ్కు’ అవుతాడు, ఇసుక ‘ఇస్క’ అవుతుంది, మిరపకాయ ‘మిర్పకాయ’ అవుతుంది. ‘మాటలు మింగేస్తున్నారు’ అని నవ్వేవాళ్లున్నారు. సినిమాలు కూడా చాలాకాలం ఈ యాసను ఎక్కువగా హాస్యగాళ్లకూ విలన్లకూ అంటగట్టాయి.

కానీ ఆ మింగడానికీ ఓ పద్ధతుంది. పై మాటల్నే మరోసారి చూడండి. పోయింది ప్రతిసారీ రెండో అచ్చే. మొదటిది చెక్కుచెదరలేదు. కొడుకును ‘క్డుకు’ అని ఎవరూ అనరు! నాలుక మాట మొదట్లో గట్టిగా నిలబడి, ఆ తర్వాతి పొట్టి అచ్చును జారవిడుస్తోందన్నమాట.

మాటలో ఒక అక్షరాన్ని ఇలా మిగతావాటికన్నా గట్టిగా పలకడమే ‘ఊనిక’. బళ్లో నేర్పే ఒత్తు వేరు, ఇది వేరు. ఊనిక ఎక్కడ పడాలన్నది ఒక్కో భాషలో ఒక్కోలా ఉంటుంది. ఫిన్నిష్, హంగేరియన్, చెక్ భాషల్లో మొదటి అక్షరం మీద. పోలిష్, స్వాహిలీల్లో చివరి నుంచి రెండోదాని మీద. ఫ్రెంచిలో చివర. 2005లో వెలువడిన ప్రపంచ భాషా నిర్మాణాల అట్లాస్ ఇందుకోసం 502 భాషల్ని లెక్కలోకి తీసుకుంది. వాటిలో 282 భాషల్లో ఊనికకు స్థిరమైన చోటుంది. చివరి నుంచి రెండో అక్షరాన్ని ఎంచుకున్నవి 110, మొదటి అక్షరాన్ని ఎంచుకున్నవి 92. రష్యన్‌లోనైతే చోటు మారితే అర్థమే మారిపోతుంది. ‘జమోక్’ అనే మాటను మొదట ఊనితే కోట, చివర ఊనితే తాళం!

తెలుగుకు ఆ చిక్కు లేదు. మన దగ్గర అర్థాన్ని మార్చేది దీర్ఘం. గది వేరు, గాది వేరు. ఎక్కడ ఊని పలికినా గది గదే. అందుకే తెలుగులో ఊనిక ఎక్కడన్న దానిపై పండితుల మధ్య ఏకాభిప్రాయం లేదు. కొడ్కు, ఇస్కల్లో జారిపోయిన అచ్చులు మాత్రం మొదటి అక్షరం వైపే వేలు చూపిస్తున్నాయి.

ఇంగ్లిషువాళ్లూ ఇదే చేస్తారు. ‘చాకొలేట్’ అని రాసుకుని ‘చాక్లెట్’ అంటారు. ఊనిక మొదట పడేసరికి మధ్య అచ్చు మాయం! అది స్టైలు, కొడ్కు మాత్రం మొరటా?

పిల్లాడు ‘ఇస్క’ అంటే, రాసేటప్పుడు ‘ఇసుక’ అని రాయాలని నేర్పండి. కానీ నవ్వకండి. వాడి నాలుక తప్పు చేయలేదు, పుట్టిన ఊరి పద్ధతిని పాటించిందంతే.