పిశాచకథాసంకలనము – ఆంధ్రుల యుపేక్ష

దయ్యపుకథ యనగానే విద్వత్సభలలో చిఱునవ్వు పుట్టును. ఆంధ్రదేశమున ఈ నవ్వు మిగుల విచిత్రము. బృహత్కథ సాతవాహనుని యాస్థానముతో ముడివడినది, దానిని గుణాఢ్యునకు చెప్పినవాడు కాణభూతి యను పిశాచము, వ్రాయబడినది పైశాచీభాషలో. భాషను జూచి రాజు తిరస్కరింపగా గుణాఢ్యుడు ఒక్కొక్క పత్రమును మృగపక్షులకు చదివి వినిపించుచు అగ్నిలో వేసెనని సోమదేవుడు వర్ణించెను. రాజు పశ్చాత్తప్తుడై వచ్చునప్పటికి ఏడులక్షల గ్రంథమున మిగిలినది లక్షయే.

జపానుదేశమున ఇట్టి వాఙ్మయమునకు వేఱుగతి పట్టినది. అచట దానిని ‘కైదాన్’ అందురు. ఉయెదా అకినారి 1776లో ప్రకటించిన ‘ఉగెత్సు మొనొగతారి’, భార్య సెత్సు చెప్పగా విని లాఫ్కాడియో హెర్న్ వ్రాసిన ‘క్వైదాన్’ (1904) లోకప్రసిద్ధములు. అంతకంటె గమనింపదగినది హిగాషి మసావో అను విమర్శకుని కృషి. ఆయన 1982 మొదలు 2003 వఱకు ‘గెన్సో బుంగాకు’ అను పత్రికను నడపెను. 2004 నుండి కైదాన్‌కే యంకితమైన ‘యూ’ పత్రికకు సంపాదకత్వము వహించెను. ఇజుమి క్యోకా మొదలగువారి కథలను సంకలనములుగ కూర్చెను. యనగిత కునియో ‘తోనో మొనొగతారి’ (1910) జానపదవిజ్ఞానమునకు మూలగ్రంథమని యందఱు నెఱుగుదురు. ఆ కాలమున ప్రబలిన కైదాన్ కథనములతో దానికి గల సంబంధమును చర్చించిన హిగాషి గ్రంథము 2011లో పురస్కారము నందినది. వినోదమనుకొన్నదానిని శాస్త్రము చెంతకు చేర్చుట సంకలనకర్త పనియే గదా!

తెలుగునాట దయ్యపుకథకు నేడు పెద్ద పోషకుడు జూబిలీహిల్స్, ఫిలింనగర్‌ల చిత్రపరిశ్రమ. ‘రాత్రి’ (1992), ‘అరుంధతి’ (2009), ‘మసూద’ (2022), ‘విరూపాక్ష’ (2023) వంటివి జనాదరణ పొందినవి. కాని మూలముల మాటయో! ‘నాగవల్లి’ (2010) కన్నడ ‘ఆప్తరక్షక’కు అనువర్తనము, ఆ పరంపర మలయాళ ‘మణిచిత్రతాళు’ (1993) వఱకు పోవును. చిత్రకారులను మాత్రమే నిందించుట న్యాయము కాదు. వారి చేతికి అందునట్లు కథలను ఎవరు కూర్చియిచ్చిరి?

కూర్చియిచ్చినచో ఏమగునో దృష్టాంతము కలదు. మధిర సుబ్బన్నదీక్షితులు ‘కాశీమజిలీకథలు’ సంపుటములుగ వెలువరింపకున్న 1951లో ‘పాతాళభైరవి’ లేదు. పింగళి నాగేంద్రరావుగారికి కథాబీజము అచటనే లభించినది. ‘చందమామ’ చలువచే భేతాళుడు ఇంటింటికి వచ్చినాడు. కాని ఆ కథలకు విమర్శకుడు రాలేదు.

విమర్శ యేల యనగా, రసనిర్ణయమునకు. త్రాసము వ్యభిచారిభావము, ఆకస్మికము. భయము స్థాయి, పూర్వాపరవిచారముచే నిలుచునది అని పిమ్మటి యాలంకారికులు వేఱుపఱచిరి. చీకటిలో తలుపు చప్పుడుచేసి ప్రేక్షకుని ఉలికింపజేయుట త్రాసమే. శవమును భుజమున మోయుచు మౌనభంగమునకు జంకు విక్రముని కథలో నున్నది వేఱు. ఈ భేదమును వివరించు పీఠికతో భేతాళపంచవింశతి మొదలు పల్లెలలో చెప్పుకొను బ్రహ్మరాక్షసుని కథలు, కొఱివిదయ్యపు కథలు వఱకు ఒక సంపుటము ప్రాచ్యకళాశాల యేదేని వెలువరింపవచ్చును. చెప్పెడి ముసలివారు ఇంకను కొందఱున్నారు.