ఆమెకు నువ్వేమవుతావు?

ముదిగొండలో ఏ మహిళా సమావేశంలోనైనా స్వలింగ వివాహాల మాట ఎత్తితే మొదట వచ్చే ప్రశ్న ఒకటే. "తలదాచుకోను చోటు లేనివాళ్లం, ఈ పెళ్లిళ్ల గొడవ మనకెందుకక్కా?" ఈ ప్రశ్నను కొట్టిపారేయలేం. 2007 జూలై 28న భూమి, ఇళ్ల స్థలాలు అడిగిన పేదల మీద పోలీసులు కాల్పులు జరిపి ఏడుగురిని పొట్టన పెట్టుకున్న ఊరిది. అయితే హక్కు అడిగిన వాళ్లను "ఇప్పుడు కాదు, ఇక్కడ కాదు" అని తిప్పి పంపడమంటే ఏమిటో ఈ ఊరికి ఒకరు చెప్పనక్కర్లేదు.

2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు చేసిందీ అదే. హైదరాబాద్‌కు చెందిన సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్‌లతో పాటు మరెందరో వేసిన పిటిషన్లపై అయిదుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. పెళ్లి ప్రాథమిక హక్కు కాదన్నారు అయిదుగురూ. కనీసం సహజీవనానికైనా చట్టపరమైన గుర్తింపు ఇవ్వాలన్న వాదన 3-2 తేడాతో వీగిపోయింది. చట్టం చేయాల్సింది పార్లమెంటేనన్నారు. 2025 జనవరిలో రివ్యూ పిటిషన్లనూ కొట్టేశారు. 2018లో 377వ సెక్షన్ తీర్పులో "మీరు నేరస్థులు కారు" అన్న కోర్టే ఇప్పుడు "దంపతులూ కారు" అంది.

భర్త, భార్య, పిల్లలు ఉన్నదే భారతీయ కుటుంబమని కేంద్ర ప్రభుత్వం వాదించింది. ఏ భారతీయుల కుటుంబం? 1955 నాటి హిందూ వివాహ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు. భద్రాచలం అడవుల్లో కోయల పెళ్లిళ్లు వాళ్ల ఆచారం ప్రకారమే జరుగుతాయి. ఆ ఆచారం స్వలింగ వివాహాన్ని ఒప్పుకుంటుందని మేమనడం లేదు. పెళ్లికి ఒకే మూస లేదని చట్టమే ఎప్పుడో ఒప్పుకుందని అంటున్నాం.

ఈ దెబ్బ ఆడవాళ్లకు మరింత గట్టిగా తగులుతుంది. పుట్టిల్లు, అత్తిల్లు తప్ప మూడో చోటు లేని ఆడపిల్ల ఇంకో స్త్రీతో బతుకుతానంటే ఏమవుతుంది? విజయవాడలో కలిసి ఉంటున్న ఇద్దరు స్త్రీలలో ఒకరిని తండ్రి నర్సీపట్నం తీసుకుపోయి నిర్బంధించాడని రెండో ఆమె హెబియస్ కార్పస్ పిటిషన్ వేసింది. మేజరైన స్త్రీ ఎవరితో బతకాలో ఆమే నిర్ణయించుకుంటుందని, తల్లిదండ్రులు జోక్యం చేసుకోరాదని 2024 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. మంచి తీర్పు. కానీ స్టేషన్లో, ఆసుపత్రిలో, రేషన్ ఆఫీసులో ఎదురయ్యే "ఆమెకు నువ్వేమవుతావు?" అన్న ప్రశ్నకు చూపడానికి ఆ ఇద్దరి దగ్గర ఇప్పటికీ పెళ్లి కాగితం లేదు.

పెళ్లే పితృస్వామ్యానికి పునాది అని ఇన్నాళ్లూ చెప్పిన మనం ఇప్పుడు పెళ్లి కోసం ఎలా పోరాడతామని కొందరు మిత్రుల సందేహం. పెళ్లి వద్దనే స్వేచ్ఛకు కూడా ముందు ఆ హక్కు ఉండాలి. తలుపు మూసి బయట నిలబెట్టినవాళ్లతో "లోపలేం బాగాలేదులే" అనడం న్యాయం కాదు.

నిజం చెప్పుకోవాలంటే మన మౌనం కూడా చిన్నదేం కాదు. భోపాల్‌లో ఇద్దరు మహిళా కానిస్టేబుళ్లు 1987లో పెళ్లి చేసుకుని ఉద్యోగాలు పోగొట్టుకున్నప్పటి నుంచీ ఇది మన ముందున్న విషయమే. వరకట్నం, సారా గురించి వీధుల్లోకి వచ్చిన మనలో చాలామందిమి దీన్ని పట్నం వాళ్ల గొడవ అనుకున్నాం.

పార్లమెంటు కదిలేదాకా చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు. ఇలాంటి జంటను రేషన్ కార్డు విషయంలో ఒకే కుటుంబంగా చూడాలని, బ్యాంకులో ఉమ్మడి ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి అడ్డులేదని 2024లో కేంద్రం స్పష్టం చేసింది. ఈ సంగతి మండల ఆఫీసులకు, బ్యాంకులకు గుర్తుచేయాల్సింది మనమే. కౌన్సెలింగ్ పేరుతో ఇలాంటివాళ్ల మనసు మార్చజూడవద్దని, రక్షణ అడిగితే ఆలస్యం చేయవద్దని 2024 మార్చిలో సుప్రీంకోర్టు కోర్టులకు సూచించింది. మన సలహా కేంద్రాలకూ అదే వర్తించాలి. ఇల్లు విడిచి వచ్చిన అమ్మాయికి "సర్దుకుపో" అని చెప్పి తిప్పి పంపే పని ఇన్నాళ్లూ పెద్దమనుషులు చేశారు. మనం చేయొద్దు.

రేపు ఏ స్టేషన్లోనైనా ఒక స్త్రీని "ఆమెకు నువ్వేమవుతావు?" అని నిలదీస్తే ఆమె పక్కన మనం నిలబడి ఉండాలి.