బుడగలొచ్చే సీసా మన బిడ్డ దాకా ఎందుకు రాదు?

విజయవాడ నుంచి బందరుకు 70 కిలోమీటర్ల రోడ్డు. ఈ కొసన పటమట, బెంజి సర్కిల్ చుట్టూ ప్రైవేటు ఆసుపత్రులు, అద్దాల ఐసీయూలు. ఆ కొస దాటితే కాలవగట్ల మీద, చేపల చెరువుల కాపలా గుడిసెల్లో మన యానాదులు. నెలలు నిండకుండా బిడ్డ పుడితే ఆ దూరాన్ని నిమిషాల్లో లెక్కపెట్టుకోవాలి.

ఎందుకంటే 34 వారాల లోపు పుట్టిన చాలామంది బిడ్డలకు ఊపిరితిత్తుల లోపల సర్ఫాక్టెంట్ అనే పూత సరిగా తయారై ఉండదు. గాలి వదిలిన ప్రతిసారీ లోపలి గదులు ముడుచుకుపోతాయి. బిడ్డ మూలుగుతూ డొక్కలు ఎగరేస్తుంది. కాసేపటికి అలిసిపోతుంది.

దీనికి మందు సీప్యాప్. ముక్కులో చిన్న గొట్టాలు పెట్టి, కాస్త ఒత్తిడితో గాలిని ఆపకుండా పంపుతారు. గొంతులోకి పైపు దించే పని లేదు. బబుల్ సీప్యాప్‌లో గొట్టం రెండో కొసను నీళ్ల సీసాలో ముంచుతారు. 5 సెంటీమీటర్లు ముంచితే అంత నీటి ఒత్తిడే బిడ్డ ఊపిరికి ఆసరా. జార్జ్ గ్రెగరీ బృందం సీప్యాప్ గురించి అమెరికాలో 1971లోనే లోకానికి చెప్పింది. మనకంటే పేద దేశమైన మలావీలో, ఊపిరందని నెల తక్కువ బిడ్డల్లో బతికినవాళ్లు 24 శాతం నుంచి 65 శాతానికి పెరిగారని 2014లో అచ్చయిన అధ్యయనం చూపింది. అక్కడ వాడింది తక్కువ ఖర్చు బబుల్ యంత్రమే.

"చిన్న ఆసుపత్రిలో ఇది ప్రమాదం కదా" అంటారు. నిజమే. గొట్టాలు చూసే నర్సు లేకపోతే ముక్కు పుండవుతుంది, ఒత్తిడి ఎక్కువైతే ఊపిరితిత్తికి చిల్లు పడొచ్చు. కొలత లేకుండా ఆక్సిజన్ ఎక్కిస్తే కంటి రెటీనా దెబ్బతిని చూపే పోవచ్చు. అందుకే అలాంటి బిడ్డకు 30 రోజుల లోపు కంటి పరీక్ష చేయించాలి. పటమట దాటగానే తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. కానీ చెరువు గట్టు మీది తల్లికి ఆ గడువు ఎవరు చెబుతున్నారు? ప్రమాదం ఉందంటే నర్సుల్ని వేయమని, శిక్షణ ఇమ్మని అర్థం. యంత్రమే వద్దని కాదు.

మిత్రులారా, మనం అడగాల్సినవి ఇవి:

ఏరియా ఆసుపత్రుల్లో పనిచేసే సీప్యాప్, ఆక్సిజన్ కొలిచే పరికరం, మూడు షిఫ్టులకూ నర్సులు ఉన్నారా?

24 నుంచి 34 వారాల మధ్య నొప్పులొస్తే, పెద్దాసుపత్రికి పంపేముందే డెక్సామెథసోన్ మొదటి డోసు ఏఎన్ఎం ఇవ్వొచ్చని కేంద్రం 2014లోనే చెప్పింది. మన సబ్‌సెంటర్‌లో ఆ ఇంజెక్షన్ ఉందా?

బిడ్డను తరలించే అంబులెన్సులో ఊపిరి ఆసరా ఉందా? కనీసం తల్లి గుండెకు ఆనించి వెచ్చగా తీసుకెళ్లడం నేర్పారా?

ఇంకొకటి గుర్తుంచుకోండి. 2011 నాటి జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రకారం సర్కారు ఆసుపత్రిలో జబ్బు చేసిన పసిబిడ్డకు వైద్యం, మందులు, పరీక్షలు, ప్రయాణం ఉచితం. ఆధార్ లేదని, కార్డు లేదని వెనక్కి పంపితే ఊరుకోవద్దు. రాతపూర్వకంగా కారణం అడగండి.

చింతూరులో డోలీ మోసినా, దివిసీమలో పడవెక్కించినా బిడ్డ ఊపిరి ఒక్కటే. పటమటలో దొరికే ఊపిరి గట్టు మీద కూడా దొరకాలి. అది దయ కాదు, హక్కు.