ఫైళ్ళ తరలింపు – బాధ్యత ఎవరిది?

రాయపూర్‌కు తూర్పున మందిర్ హసౌద్‌లో పనిచేస్తున్న మన సభ్యులతో ఇటీవల జరిపిన సమావేశంలో బోనసు గురించి, క్వార్టర్ల గురించి వచ్చిన ప్రశ్నల కంటే వేరొక విషయంపై వచ్చిన ప్రశ్నలే ఎక్కువ. కంప్యూటరులో ఒకచోటనున్న ఫైళ్ళను మరొకచోటికి కాపీ చేయడం, తరలించడం అనే పని అది. వినడానికి అల్పంగా తోచవచ్చు. కాని ఆ పనిలో పోయిన పుట ఒక ఉద్యోగి పెన్షనుకు సంబంధించినదైనప్పుడు, పోగొట్టినవాడని ముద్రపడిన గుమస్తా చేతికి సంజాయిషీ నోటీసు అందినప్పుడు అది అల్పవిషయం ఎట్లా అవుతుంది?

1931లో బెంగాల్ నాగపూర్ రైల్వే వారు పార్వతీపురం–రాయపూర్ మార్గాన్ని పూర్తిచేసిన తరువాత ఉత్తరాంధ్ర నుండి ఎందరో ఈ ప్రాంతానికి ఉద్యోగాలకై వచ్చారు. ఇక్కడి సర్వీసు రిజిస్టర్లలో అప్పారావులు, అప్పలరాజులు అనేకులు కనిపిస్తారు. ఒకానొక కార్యాలయంలో (పేరు అనవసరం) ఈ రిజిస్టర్ల పుటలను స్కాన్ చేసి, ఫైళ్ళకు పి.ఎఫ్. నంబరుకు బదులు ఉద్యోగి పేరే పెట్టి, వేరొక కంప్యూటరుకు తరలించమన్నారు. వేల ఫైళ్ళు; గడువు ఆ సాయంత్రం. నడిమధ్యలో యంత్రం ఆగి, ఈ పేరుతో ఫైలు ఇదివరకే ఉన్నది, దాని స్థానంలో దీనిని పెట్టమందురా అని అడిగింది. అటువంటి ప్రశ్నలు వందలు రాగా, అన్నింటికీ ఇదే సమాధానం అన్న గడిలో గుర్తుపెట్టారు. ఒక అప్పలరాజు సర్వీసు మరొక అప్పలరాజు సర్వీసును మింగివేసింది. కాపీ కాక కట్-పేస్టు చేసినందువలన పాతచోట కూడా ఏమీ మిగలలేదు. కాగితపు రిజిస్టరు బీరువాలో దొరికిన మాట నిజమే గాని, అందులో కొన్ని పుటలు చెదలపాలైనవి.

ఈ తరలింపు యంత్రంలో ఎట్లా జరుగుతుందో ఎవరూ మనవారికి చెప్పలేదు. ఒకే డిస్కులో ఒక ఫోల్డరు నుండి మరొక ఫోల్డరుకు ఫైలును తరలిస్తే అది నిజానికి కదలదు. పట్టికలో దాని చిరునామా మాత్రమే మారుతుంది. అందుకే క్షణంలో అయిపోతుంది. ఒక డిస్కు నుండి మరొక డిస్కుకు, పెన్‌డ్రైవుకు తరలించినప్పుడు యంత్రం ముందు నకలు తీసి, ఆ తరువాత అసలును చెరిపివేస్తుంది. కరెంటు పోయినా, తీగ ఊడినా కొన్ని ఫైళ్ళు అక్కడ, కొన్ని ఇక్కడ, ఒకటి సగంలో ఉండిపోతాయి. ఏది ఎక్కడున్నదో చెప్పే జాబితా మామూలు పద్ధతిలో లభించదు. పని పూర్తయినదని తెరపై కనిపించినా, కొన్ని అమరికలలో సమాచారం ఇంకా యంత్రం జ్ఞాపకంలోనే ఉండి పెన్‌డ్రైవుపై పూర్తిగా వ్రాయబడి ఉండదు. తొందరపడి లాగితే ఫైలు పాడవుతుంది. ఫ్యాట్ 32 పద్ధతిలో సిద్ధపరచిన పెన్‌డ్రైవులో ఎంత ఖాళీ ఉన్నా 4 జీబీ దాటిన ఫైలు పట్టదు.

ఇక మిగిలిన సమయం సంగతి. పది నిమిషాలని చూపిన యంత్రమే మరుక్షణం రెండు గంటలంటుంది. ఒక పెద్ద ఫైలు కంటే, అంతే పరిమాణం గల లక్ష చిన్న ఫైళ్ళకు చాలా ఎక్కువ సమయం పడుతుంది. ప్రతిదానికీ విడిగా పట్టికలో నమోదు జరగాలి గదా. స్కాన్ చేసిన పుటలన్నీ చిన్న ఫైళ్ళే. ఇది ఎరుగని అధికారి గుమస్తాను సోమరి అంటాడు. పెన్‌డ్రైవు వాడరాదని ఉదయం ఒక ఉత్తర్వు, సమాచారం సాయంత్రంలోగా ఎట్లాగైనా చేర్చమని మధ్యాహ్నం మరొకటి! అక్షరాల గొడవ వేరే ఉన్నది. యూనికోడ్ కాని ఫాంటులో కూర్చిన తెలుగు సర్క్యులరు, ఆ ఫాంటు లేని కంప్యూటరులోకి కాపీ కాగానే అర్థంలేని గుర్తుల గుంపుగా మారుతుంది. కృతిదేవ్‌లో కూర్చిన హిందీకీ అదే గతి.

వస్తువును ఒక చేతి నుండి మరొక చేతికి చెక్కుచెదరకుండా మార్చడమెట్లాగో రైల్వే, తపాలా ఉద్యోగులకు ఎవరైనా నేర్పవలసి ఉన్నదా? సింగిల్ లైనుపై టోకెన్ యంత్రాలు నడిచిన రోజులలో, డ్రైవరు తెచ్చిన బంతి అవతలి స్టేషనులోని యంత్రంలో పడేవరకు ఆ సెక్షనుకు మరొక టోకెన్ వెలువడేది కాదు. 2025లో స్పీడ్ పోస్టులో విలీనమయ్యేవరకు రిజిస్టర్డ్ ఉత్తరం చేయి మారిన ప్రతిచోటా లెక్క ఉండేది, సంతకం ఉండేది. తప్పిపోతే ఏ చేతిలో తప్పిపోయినదో తేలేది. చేరినదని రూఢి అయ్యేవరకు పంపినవాడు తన లెక్కలో నుండి దానిని కొట్టివేయడు. ఈ నియమం కంప్యూటరు ఫైలుకు మాత్రం ఎందుకు లేదు?

లేకపోతే ఏమవుతుందో బ్రిటన్ తపాలా ఉద్యోగుల అనుభవం చెబుతున్నది. 1999 నుండి అక్కడ ప్రవేశపెట్టిన హొరైజన్ వ్యవస్థ చూపిన లోటును నమ్మి వందలాది సబ్ పోస్టుమాస్టర్లను దొంగలుగా శిక్షించారు. 2019లో అక్కడి హైకోర్టు ఆ వ్యవస్థలో లోపాలున్నాయని తేల్చింది. ఆ శిక్షల రద్దుకు 2024లో పార్లమెంటు చట్టమే చేయవలసివచ్చింది. 2015లో స్కాట్లండులోని డాల్మెలింగ్టన్‌లో 8,000 పౌండ్లను ఒక శాఖ నుండి మరొక శాఖకు బదిలీ చేస్తుండగా తెర బిగుసుకుపోయింది. మీట నొక్కిన ప్రతిసారీ యంత్రం అదే బదిలీని మళ్ళీ నమోదు చేసి, లేని 24,000 పౌండ్ల తేడా సృష్టించింది. ఒకసారి జరగవలసిన తరలింపు పలు నకళ్ళయినది. తేడా మాత్రం మనిషి మెడకు చుట్టుకున్నది.

మన నిబంధనలు చూడండి. 1965 సి.సి.ఎస్. (సి.సి.ఎ.) నిబంధనలలోనూ, 1968 రైల్వే క్రమశిక్షణ, అప్పీలు నిబంధనలలోనూ నష్టాన్ని జీతం నుండి రాబట్టే శిక్ష ఉన్నది. అయితే నిర్లక్ష్యమో, ఉత్తర్వుల ఉల్లంఘనో అందుకు కారణమై ఉండాలి. ఫైళ్ళ తరలింపుకు వ్రాతపూర్వకమైన విధానమే ఇవ్వనిచోట ఉద్యోగి ఏ ఉత్తర్వును ఉల్లంఘించినట్లు? సంజాయిషీ అందిన ప్రతి సభ్యుడూ తన సమాధానంలో మొదట అడగవలసిన ప్రశ్న ఇదేనని మా అభిప్రాయం.

కంప్యూటర్లు వద్దని మేము అనడం లేదు. ఆ వాదన కాలం ఎన్నడో దాటినది. తపాలా శాఖ 2025లో కొత్త ఏ.పి.టి. వ్యవస్థకు మారినప్పుడు అనేక కార్యాలయాలలో ఒక రోజు లావాదేవీలే నిలిపివేశారు. తరలింపుకు ప్రత్యేక సమయం కావాలని పైవారికి తెలుసునన్నమాట. అదే న్యాయం కౌంటరులో టిక్కెట్లు ఇస్తూ, పార్సెళ్ళు బుక్ చేస్తూ, మధ్యలో ఫైళ్ళు మార్చవలసిన గుమస్తాకు ఎందుకు వర్తించదు? ఆ పనిని డ్యూటీ గంటలలో లెక్కించాలి. ఫైళ్ళకు పేరు కాక నంబరు పెట్టాలి. ముందు కాపీ చేసి, రెండువైపులా సరిచూసి, అందుకున్నవారు సంతకం చేసిన తరువాతనే పాతవాటిని చెరపాలి. సరిచూడడానికి కొత్త ఖర్చేమీ లేదు: ఫైలులోని సమాచారాన్ని బట్టి ఒక సంఖ్యను లెక్కగట్టే సాధనం, ఏవి చేరినవో జాబితా వ్రాసియిచ్చే రోబోకాపీ అనే ఆదేశం నేటి విండోస్ కంప్యూటర్లలో ఇదివరకే ఉన్నాయి. సంచిని పంపినచోటా, అందినచోటా తూచినట్లే ఇదీను. రెండు సంఖ్యలూ కలిస్తే నకలు సరైనదే.

ఈ అంశాన్ని చర్చలలో లేవనెత్తడానికి ఆధారాలు అవసరం. ఫైళ్ళ తరలింపు విషయమై సభ్యులకు అందిన మెమోల నకళ్ళను, ఆ పని అప్పగించిన ఉత్తర్వు వ్రాతలో ఉన్నదో నోటిమాటగా వచ్చినదో తెలుపుతూ, శాఖా కార్యదర్శులు కేంద్ర కార్యాలయానికి పంపగోరుతున్నాము. కాగితంపై పంపినా సరే.