లాగడం వేరు, మోయడం వేరు

పోయిన వేసవిలో మా ఇంట్లో వారం రోజులు మాటల్లేవు. కారణం ఒక ట్రైలర్.

అత్తయ్యగారు, మామయ్యగారు గుంటూరు దగ్గర పల్లె నుంచి ఆరునెలలకని మా దగ్గరికి, డాలస్‌కి వచ్చారు. వాళ్ళకి కొలరాడో కొండలు చూపించాలని మా ఆయన కోరిక. అత్తయ్యగారికి బయటి తిండి పడదు. మామయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, దారిలో గంటకోసారి ఆగాలి. అందుకని ఇల్లే వెనకాల కట్టుకుపోదామని ఒక ట్రావెల్ ట్రైలర్ చూసి, 500 డాలర్లు అడ్వాన్సు ఇచ్చి మరీ వచ్చారు. మంచాలు, వంటగది, బాత్రూము అన్నీ ఉన్నాయట.

"మన ట్రక్కు 9,600 పౌండ్లు లాగుతుంది. ఇది ఖాళీగా 5,900 పౌండ్లే. నిశ్చింతగా లాగేస్తుందన్నాడు" అని అమ్మినతను చెప్పింది నాకు అప్పజెప్పారు.

ఆ "ఖాళీగా" అన్న మాట దగ్గరే నాకు అనుమానం వచ్చింది. ఖాళీ బండితో ప్రయాణం చేసిన ఇల్లాలు ఎక్కడైనా ఉందాండీ? బియ్యం, కుక్కర్లు, ఇనప పెనం, పచ్చళ్ళు, దుప్పట్లు అన్నీ సర్దేది నేనే. నీళ్ళ ట్యాంకు 40 గ్యాలన్లు. గ్యాలన్‌కి 8.3 పౌండ్ల చొప్పున నీళ్ళే 330 పౌండ్లు! అందుకే ఖాళీ బరువు చూడకూడదు. నింపాక ట్రైలర్ గరిష్ఠంగా ఎంత ఉండొచ్చో దాని మీదే రాసి ఉంటుంది, అది చూడాలి. మాది 7,500.

"అయినా 9,600 కంటే తక్కువేగా" అన్నారు మా ఆయన. నిజమే. అసలు మెలిక అక్కడే ఉంది.

ట్రైలర్ బరువంతా దాని చక్రాల మీదే ఉండదు. అందులో నూటికి పది నుంచి పదిహేను వంతులు ముందు కొక్కెం దగ్గర ట్రక్కు మీద పడుతుంది. ఇది మామయ్యగారికి చెబితే నవ్వారు. "ఎడ్లబండీ అంతేనమ్మాయ్. బరువు ముందుకి పడితే ఎద్దు మెడ విరుగుద్ది. వెనక్కి పడితే కాడి పైకి లేసుద్ది." ట్రైలరూ అంతే. కొక్కెం మీద బరువు మరీ తగ్గితే ట్రైలర్ రోడ్డు మీద పాములా ఊగుతుంది. మరీ ఎక్కువైతే ట్రక్కు వెనకభాగం కుంగి, ముందు చక్రాలకి పట్టు తగ్గుతుంది. స్టీరింగూ బ్రేకులూ చెప్పినమాట వినవు.

ఇక ఆ ట్రక్కు ఎంత మోయగలదో ఎక్కడుంది? డ్రైవర్ తలుపు తీస్తే పక్కన అంటించిన స్టిక్కర్ మీద. మనుషులు, సామాను కలిపి ఇంతకి మించకూడదని అందులో ఉంటుంది. కొక్కెం మీద పడే బరువూ ఆ లెక్కలోదే. మా దాని మీద 1,520 పౌండ్లని ఉంది. ఆరేళ్ళుగా ఆ తలుపు తీస్తున్నాం, ఒక్కసారీ చదవలేదు!

కరెంటు బిల్లు వెనక లెక్క వేశాను. 7,500లో నూటికి పదమూడు చొప్పున కొక్కెం మీద 975. బరువు సర్దే ప్రత్యేకమైన కొక్కేనికి 100. ఇక మిగిలింది 445. మేమిద్దరం, పిల్లలిద్దరం కలిస్తేనే 485. అంటే అత్తయ్యగారూ మామయ్యగారూ ఎక్కకముందే హద్దు దాటేశాం. వాళ్ళ 285, ట్రక్కు వెనక పెట్టే సామాను 100 కలిపితే 425 పౌండ్లు ఎక్కువ.

మరి ఆ 9,600 అబద్ధమా? కాదు. ఆ అంకె కట్టే పరీక్షలో ట్రక్కులో మామూలుగా డ్రైవరు, పక్కన ఇంకొకరు, చెరో 150 పౌండ్లు ఉన్నట్టు లెక్క. అత్తామామలూ పిల్లలూ ఉన్న కుటుంబం ఆ పరీక్షలో లేదు.

"నా ఫ్రెండ్ ఇదే ట్రక్కుతో ఇంతకంటే పెద్దది లాగుతున్నాడు, ఏమీ కాలేదు" అన్నారు చివరి అస్త్రంగా. ఏమీ కాకపోవడం లెక్క సరిపోయినట్టు కాదు కదా. డాలస్ నుంచి కొలరాడో వెళ్ళాలంటే అమరిల్లో దగ్గర ఈదురుగాలి, ఆ తర్వాత 7,800 అడుగుల ఎత్తున రాటన్ కనుమ. ఎక్కడానికి ఇంజన్ చాలు. దిగేటప్పుడు బ్రేకులు, టైర్లు, స్ప్రింగులు అన్నీ నిలబడాలి. ఆ దిగుడులో వెనక సీట్లో ఉండేది నా పిల్లలు.

అడ్వాన్సు తిరిగి రాలేదు. ఆ 500 డాలర్ల కోసం మా ఆయన వారం రోజులు మూతి ముడుచుకున్నారు. తర్వాత తనే నిండు బరువు 3,800 దాటని చిన్న ట్రైలర్ వెతికారు. కొక్కెం మీద 494, ఆ కొక్కేనికి 100, మనుషులు 770, వెనక సామాను 60. మొత్తం 1,424. బయల్దేరిన రోజు ట్రక్ స్టాప్‌లో కాటా వేయించి, చీటీ నా చేతిలో పెట్టారు. లోపల పెద్దవాళ్ళూ పిల్లలూ పడుకున్నారు. మేమిద్దరం బయట టెంట్లో. నా రోలు, పెద్ద కుక్కరు ఇంట్లోనే ఉండిపోయాయి. రోజూ పప్పూ అన్నమే అయినా ఎవరూ సణగలేదు.

ఇలాంటి లెక్కలు మగవాళ్ళవని మనం పక్కకి తప్పుకుంటాం. ఎవరి బరువెంతో, ఏ సంచీలో ఏముందో తెలిసింది మనకే. అందుకే నా మాట వినండి. అడ్వాన్సు ఇచ్చాక కాదు, ఇవ్వకముందే వెళ్ళి ఆ ట్రక్కు తలుపు తీసి చూడండి.