గాజుతొట్టెలో మూడు జాబితాలు

ఢిల్లీకి వచ్చిన విలేఖరికి అన్నిటికంటె ముందు అలవాటు కావలసినది నిరీక్షణ. గత వారం ఒక ఉన్నతాధికారి పిలుపు కోసం ముప్పావుగంట కూర్చోవలసి వచ్చినప్పుడు, సందర్శకుల గదిలోని చేపల తొట్టె నాకు కాలక్షేపమైనది. అందులో గప్పీలు రంగురంగుల తోకలు విసురుతున్నవి. నీలి చారల జీబ్రా చేపలు గుంపుగా తిరుగుతున్నవి. ఒంటినిండా గరుకు పలకలున్న నల్లని చేప ఒకటి గాజుకు నోరానించి పాచి నాకుతున్నది. "ఇక్కడ ఫైళ్ళకంటె ఇవే నయమండీ, కదులుతున్నాయి" అన్నాడు పక్కనున్న పెద్దమనిషి. ఇద్దరం నవ్వుకొన్నాము. కాని ఆ తొట్టెను చూసినకొద్దీ, అది నవ్వి ఊరుకోదగిన విషయం కాదని నాకు తోచింది.

రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో మత్స్య పరిశ్రమ రాష్ట్రాల జాబితాలో ఉన్నది. విదేశీ వ్యాపారం, రేవులలో క్వారంటైను కేంద్రానివి. జంతువులపై క్రూరత్వ నివారణ ఉమ్మడి జాబితాలోనిది. పిల్లల ముచ్చట తీర్చడానికి ఇంటికి తెచ్చుకొనే జత చేపలు ఈ మూడు జాబితాల కిందికీ వస్తాయి. ముగ్గురు యజమానులున్న పశువుకు మేత వేసేవారెవరన్న ప్రశ్న ఇక్కడా తప్పదు.

అసలు ఈ వ్యాపారంలో మన స్థానమేమిటి? ప్రపంచపు అలంకార చేపల ఎగుమతులలో భారతదేశం వాటా నూటికి ఒక వంతుకు లోపే. ఇరుగుపొరుగు దేశాలనుంచి చేపలు తెప్పించుకొని తిరిగి ఎగుమతి చేసే సింగపూరు అగ్రశ్రేణిలో ఉన్నది. మనకంటె ఎంతో చిన్నదైన శ్రీలంక సైతం గప్పీలను పెంచి ఐరోపాకు పంపుతూ మనలను మించిపోయింది. పోనీ, మనకు చేపలు లేవా అంటే, జీబ్రా చేప మన వరిమళ్ళ, వాగుల చేపే. గంగానది మత్స్యాలపై 1822లో ప్రచురించిన గ్రంథంలో ఫ్రాన్సిస్ హామిల్టన్ దానిని మొదట వర్ణించాడు. నేడు ప్రపంచపు జీవశాస్త్ర ప్రయోగశాలలలో అది సర్వసాధారణం. గంగా, బ్రహ్మపుత్ర మైదానాలకు చెందిన మరుగుజ్జు గౌరామి కూడా విదేశీ పెంపకందారుల చేతిలో కొత్త రంగులు సంతరించుకొన్నది. విత్తనం మనది, పంట ఇతరులది.

దీనికి కారణం ఓపికతో పెంచే బదులు వాగులో పట్టి అమ్ముకోవడం తేలిక కావడమే. ఈశాన్య రాష్ట్రాలనుంచి విదేశాలకు వెళ్ళే చేపలలో అధికభాగం వాగులలో పట్టినవే. పడమటి కనుమలలోని కేరళ, కర్ణాటక నదులలో తప్ప మరెక్కడా లేని 'మిస్ కేరళ' చేపకు విదేశాలలో గిరాకీ పెరిగేసరికి వలలు నదులను గాలించినవి. ఇప్పుడది అంతరించే ప్రమాదమున్న జాతులలో చేరింది. కృత్రిమంగా గుడ్లు పెట్టించే పద్ధతిని మన శాస్త్రజ్ఞులు సాధించారు కాని, అప్పటికే నష్టం జరిగిపోయింది.

పెంపకమంటే చిన్న పని కాదు. గప్పీ గుడ్డు పెట్టదు, నెలకొక ఈత చొప్పున పిల్లలనే కంటుంది. కాని అడ్డులేకపోతే తన పిల్లలను తానే మింగుతుంది. జీబ్రా తన గుడ్లను తానే తింటుంది. అందుకే తొట్టె అడుగున గోళీలో, జల్లెడలో పరచి గుడ్లను దక్కించుకోవాలి. కంటికి ఆనని పిల్లకు కంటికి ఆనని మేత పెట్టాలి. నీటి మెత్తదనం, వెచ్చదనం తప్పితే ఒక్క రాత్రిలో తొట్టె ఖాళీ. కలకత్తా చుట్టుపట్ల హౌరా, ఇరవైనాలుగు పరగణాల పెరళ్ళలోను, మద్రాసు శివార్లలోని కొళత్తూరులోను ఈ విద్యమీద ఎన్నో కుటుంబాలు బతుకుతున్నవి. సిమెంటు తొట్టెలతో సాగే ఈ పనిలో స్త్రీల చేతికష్టం ఎక్కువ.

ఈ కుటుంబాల విషయంలో ఢిల్లీ చూపిన వైఖరి ఏమిటి? 2017 మే నెలలో పర్యావరణ శాఖ, జంతు క్రూరత్వ నివారణ చట్టం కింద, చేపల దుకాణాలకు నిబంధనలు ప్రకటించింది. రిజిస్ట్రేషను తప్పనిసరి అన్నది, గుండ్రటి గాజు గిన్నెలలో చేపలను ఉంచరాదన్నది, 158 జాతుల అమ్మకాన్ని నిషేధించింది. ఉద్దేశం మంచిదే. కాని పెరటి పెంపకందారు గోడు విన్నవారు లేరు. గగ్గోలు పుట్టింది, కొద్దికాలానికే ఆ నిబంధనలను ఉపసంహరించుకోవలసి వచ్చింది. మూడేళ్ళు తిరిగేసరికి, 2020లో, మత్స్య శాఖ ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద అదే పెరటి పెంపకానికి నూటికి నలభై, స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి నూటికి అరవై వంతుల సబ్సిడీ ప్రకటించింది. ఒక శాఖ బెత్తం చూపింది, మరొక శాఖ బెల్లం చూపింది. తొట్టెలోని చేప బయటికి పోతే ఏమవుతుందన్న ప్రశ్నకు మాత్రం బెత్తంలోను, బెల్లంలోను సమాధానం లేదు.

ఆ ప్రశ్నకు సమాధానం నాకు ఆ సందర్శకుల గదిలోనే దొరికింది. గాజును నాకే చేప మరీ పెద్దదైతే ఏమి చేస్తారని అక్కడి నౌకరును అడిగాను. "ఇంతకుముందు దాన్ని యమునలో వదిలేశాను సాబ్, పుణ్యం కదా" అన్నాడు. అతని తప్పేమీ లేదు. దక్షిణ అమెరికానుంచి వచ్చిన ఆ సక్కర్ చేప దుకాణంలో వేలెడు, పెరిగితే మూరెడు. 2020లో అది కాశీ వద్ద గంగలో కనబడింది. మన ఆంధ్ర చెరువులలో జాలరులు దానిని దెయ్యం చేప అంటారు. దాని పలకలు, ముళ్ళు వలలను చించుతాయి, దాని బొరియలు గట్లను తొలుస్తాయి, సంతలో దానికి కానీ ధర లేదు. తూర్పు కనుమల జలాశయాల నీటిలో దాని జన్యు ఆనవాళ్ళను వెదికిన హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు, నూటికి అరవై జలాశయాలలో అది వ్యాపించిందని 2023లో వెల్లడించారు. నగరంలోని ముచ్చటకు మూల్యం చెల్లిస్తున్నవాడు పల్లెలోని జాలరి.

2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం, స్థానిక జీవరాశికి ముప్పు తెచ్చే విదేశీ జాతుల దిగుమతిని, అమ్మకాన్ని, పెంపకాన్ని నియంత్రించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. అధికారం చేత ఉండటం వేరు, దానిని వివేకంతో వాడటం వేరు. 2017 నాటి పొరపాటు పునరావృతం కానక్కరలేదు. సబ్సిడీ ఇచ్చేటప్పుడే స్వదేశీ జాతులకు ప్రాధాన్యమివ్వవచ్చు. నీరు బయటికి పోయేచోట జాలీ ఉండాలని షరతు పెట్టవచ్చు. పెరిగిన చేపను తిరిగి తీసుకొనే బాధ్యత అమ్మిన దుకాణంపై ఉంచవచ్చు. జాతీయ మత్స్యాభివృద్ధి మండలి హైదరాబాదులోనే ఉన్నది గనుక, ఈ పనికి తెలుగు రాష్ట్రాలు చొరవ తీసుకొంటే ఢిల్లీ అడ్డుచెప్పజాలదు.

మూడు జాబితాలలోను ఉన్న విషయం ఎవరికీ పట్టని విషయంగా మారడం మన పరిపాలనలో కొత్త కాదు. కాని చినిగిన వల ఏ జాబితాలోనిదో తేలేవరకు జాలరి ఇంట పొయ్యి ఆగదు గదా.